చుక్కలెవరివి, ముగ్గెవరిది?

మొన్నటి సంక్రాంతికి మా ఆడుబిడ్డ విశాఖపట్టణమునుండి వచ్చుచు మాకొక చిన్న పెట్టె తెచ్చియిచ్చినది. విప్పి చూడగా నందు డెబ్బదియెనిమిది చీట్లున్నవి. పెండ్లిండ్లలోను శివరాత్రి జాగరమందును మనవారాడు చీట్లపేక కాదది, టారో చీట్లు. నేడు పట్టణములందలి పడుచులు పెండ్లి, ఉద్యోగము, పైచదువు మొదలగువానిని గూర్చి వీనివలన ప్రశ్న యడుగుచున్నారు. ఫోనులో తెనుగుననే చెప్పువారును కలరు. "వదినా, పురాణాలన్నీ చదివేశావు, ఇక ఇవి కూడా చదువు" అని మా ఆడుబిడ్డ నవ్వినది.

నెల తిరుగునప్పటికి మేము వానిని చదువనే నేర్చితిమి. నేర్చి యొక తప్పు చేసితిమి. ఆ తప్పును గూర్చియే యీ మాసము సోదరీమణులకు వ్రాయుచున్నాము.

ముందుగా నీ చీట్ల కూర్పు చెప్పవలెను. డెబ్బదియెనిమిదింట 22 పెద్ద చీట్లు. వీనికి సున్న మొదలు 21 వఱకు అంకెలు. సూర్యుడు, చంద్రుడు, నక్షత్రము, మృత్యువు, తలక్రిందుగా వ్రేలాడు మనుష్యుడు, పిడుగుపడిన బురుజు, ఇట్లొక్కొకదాని కొక బొమ్మ. తక్కిన 56 చిన్న చీట్లు నాలుగు తెగలు: కఱ్ఱలు, గిన్నెలు, కత్తులు, నాణెములు. తెగకు పదునాలుగు, ఒకటి మొదలు పది వఱకు అంకెలవి, వానిపైన భృత్యుడు, రౌతు, రాణి, రాజు. గిన్నెలు నీటికిని మనస్సునకును, కఱ్ఱలు నిప్పునకును పనికిని, కత్తులు గాలికిని ఆలోచనకును, నాణెములు నేలకును ధనమునకును గుర్తులని చదువువారు చెప్పుదురు.

ఇవి అనాదిగా వచ్చిన మంత్రచిత్రములని కొందఱందురు గాని, అది నిజము కాదు. 15వ శతాబ్దమున ఇటలీదేశపు ఉత్తరభాగమున ధనికుల యిండ్లలో ఆటగా నివి పుట్టినవి. 1781లో ఫ్రాన్సుదేశమున కూర్ ద జెబెలాను అను పండితుడు వీనిని ఈజిప్టువారి పురాతన విద్యయని యూహించి వ్రాసెను. అప్పటికి ఈజిప్టు బొమ్మల లిపిని చదువగలవారు లోకమున నెవ్వరును లేరు గనుక, కాదనువారును లేకపోయిరి. జోస్యమునకు వీని ప్రచారము హెచ్చినది ఆ తరువాతనే. మా పెట్టెలోని బొమ్మలు 1909లో లండనులో వెలువడిన కూర్పులోనివి. గీచినది పమేలా కోల్మన్ స్మిత్ అను స్త్రీ. అంతకు పూర్వపు చీట్లలో చాలవాటియందు చిన్న చీట్లకు బొమ్మలు లేవు. గిన్నెల అయిదనిన అయిదు గిన్నెలే, మన పేకలోని ఆటీను అయిదువలె. ఈమె యేబదియాఱింటికిని మనుష్యులను, కొండలను, ఏళ్ళను కల్పించి వ్రాసినది. పని మిక్కిలి పెద్దది, చేతికి వచ్చిన రొక్కము మిక్కిలి కొంచెమని ఆమెయే యొక జాబులో వ్రాసికొన్నది. ఇంట కూర్చుండి కుట్టుపని చేసి యిచ్చు మన సోదరీమణులకు ఈ మాట క్రొత్త కాదు.

ఒక్క చీటిని చూచి చెప్పుట చిలుకజోస్యము. చిలుక యొక చీటి లాగును, జోస్యుడు దానిని విప్పును, అంతటితో సరి. టారోలో మూడో, అయిదో, పదియో పఱతురు. పఱచినవానిని విడివిడిగా చెప్పువాడు బాలుడనియు, అన్నిటిని కలిపి వరుస చూడగలవాడే చదువరియనియు వారి మతము. ఒకే తెగ హెచ్చుగా పడినదా? ఏ తెగ బొత్తుగా రాలేదు? ఒకే యంకె రెండు మూడు మార్లు వచ్చెనా? పెద్ద చీట్లు చిన్నవానిని మించెనా? బొమ్మలలోని మనుష్యులు ఒకరివైపొకరు చూచుచున్నారా, పెడమొగమై యున్నారా? ఈ విద్య మాకు వెంటనే పట్టుబడినది. కారణము మన ముంగిళ్ళలోనే యున్నది. చుక్కలు పెట్టిన చేతికి ముగ్గు దానంతట వచ్చునుగదా! ఏడు చుక్కలు ఏడు వరుసలు పెట్టి తామర వేయవచ్చును, తాబేలు వేయవచ్చును, మెలికలు త్రిప్పవచ్చును. చుక్కలు మాత్రము మారవు. ఆ సంగతి మాకప్పుడు తట్టలేదు.

చీట్లలో వరుస పట్టువారిని మేము చిన్ననాడే చూచియుంటిమి. మా అమ్మమ్మగారిది పర్లాకిమిడి. నేడు ఒడిషాలోనిది గాని, 1936 వఱకు మనతోకూడ చెన్నరాజధానిలోనిదే. అచ్చట గంజపా యని గుండ్రని చీట్ల ఆట కలదు. గుడ్డకు చింతగింజల జిగురు పట్టించి, ఆరబెట్టి, రంగులు వేసి ఆ చీట్లను చేయుదురు. దశావతార గంజపాలో పది తెగలు, తెగకు పండ్రెండు, మొత్తము 120 చీట్లు. అందొక తెగ మా కూర్మనాథునిది. సగము తెగలలో అంకె హెచ్చినకొలది పెద్దఱికము, సగమింట తగ్గినకొలది పెద్దఱికము. ఆడువారు దానిని మఱవరాదు. ఆట ముగియవచ్చునప్పటికి అమ్మమ్మగారు ఎదుటివారి చేతిలోని చీటిని విప్పకయే చెప్పెడివారు. మేము దానిని మహిమ యనుకొనెడివారము. నూటయిరువదిలో నూటపదునాలుగు పడిపోయిన పిమ్మట మిగిలిన యాఱింటిని చెప్పుటకు మహిమ యెందుకు? పడినవన్నియు మనసున నిలుపుకొనుటయే కష్టము. ఆ వరుస నిజముగా చీట్లలో నుండెను. టారోలో మేము చూచిన వరుస యెక్కడ నుండెనో యిక చెప్పెదము.

మా శ్రీకూర్మమునకు సముద్రము దూరము కాదు. తీరపు పల్లెలనుండి మగవారు పలువురు గుజరాతు దేశమునకు పోయి, వెరావలు మొదలగు రేవులలో మరపడవలపై నెలల తరబడి వేట చేయుదురు. 2018 నవంబరులో ఇట్లు పోయిన మన శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలవారు ఇరువదిమందికి పైగా పాకిస్తానువారికి పట్టుబడిరి. వారిలో ఇరువదిమంది 2020 జనవరిలో వాఘావద్ద విడుదలయి వచ్చిరి. ఏడాదికి మించిన కాలము! అప్పటినుండి ఆ పల్లెలలో ఫోను మ్రోగకపోయినచో ఆడువారికి నిదుర లేదు.

మాఘమాసమున నొక మధ్యాహ్నము, మా వీధులలో చేపలమ్ము నొక స్త్రీ మా బావిగట్టుకడ తట్ట దించి కూర్చుండినది. ఇరువదియైదేండ్లుండును. ఎప్పటివలె నీరడుగునని చెంబు తెచ్చితిమి. ఆమె త్రాగలేదు.

"అమ్మగోరూ, పది దినాలయినాది, ఫోను ఎత్తడు. బొమ్మలు సూసి సెప్తారంట గదా, ఓపాలి సూడండి" అనినది.

మగడు సంక్రాంతికి వచ్చి, కనుమ మఱునాడు బయలుదేరి, వెరావలు చేరితినని యొక్కమారు చెప్పినాడట. తరువాత మాట లేదు. మా చేతివిద్య ఆ పల్లె వఱకు పోయినదని మాకప్పుడే తెలిసినది. కొంచెము గర్వము కలుగలేదని యనజాలము.

ఆమెచేత నయిదు చీట్లు తీయించితిమి. మొదటిది గిన్నెల అయిదు: నల్లదుప్పటి కప్పుకొన్న యొకడు ఒలికిపోయిన గిన్నెలను చూచుచు నిలుచుండును, ఆవల నేఱు పాఱుచుండును. రెండవది కత్తుల ఆఱు: కత్తులు నిలువుగా గ్రుచ్చిన పడవలో ముసుగిడిన స్త్రీయు బిడ్డయు, వెనుక పడవవాడు గడ వేయుచుండును. మూడవది చంద్రుడు: మడుగులోనుండి యెండ్రకాయవంటి జంతువొకటి పైకి వచ్చుచుండును, కుక్కయు తోడేలును మొగమెత్తి యుండును. నాలుగవది నాణెముల నాలుగు: ఒకడు నాణెము నొకదానిని ఱొమ్మునకు అదుముకొని, రెంటిని కాళ్ళక్రింద త్రొక్కిపట్టి, ఒకదానిని నెత్తిన పెట్టుకొని కూర్చుండును. అయిదవది గిన్నెల యెనిమిది: పేర్చిన గిన్నెలను విడిచి, మనవైపు వీపు త్రిప్పి, చంద్రుని క్రింద నొకడు కొండలవంక నడచిపోవుచుండును. అక్కడను నీరే.

నాలుగింట నీరు, ఒకదాన పడవ. మా కన్నులలో వరుస యొక్క నిమేషమున కట్టినది. "నీళ్ళు చాలా కనబడుతున్నాయమ్మా" అని నోటినుండి వచ్చిపోయినది.

ఆమె మొగము పాలిపోయినది. గోడ పట్టుకొన్నది. అన్నమాట వెనుకకు తీసికొన వీలులేదు. చంద్రుడు మంచివాడే యనియు, పడవ యొడ్డునకే పోవుచున్నదనియు ఏమేమో సర్దబోతిమి. ఆమె విన్నట్లు లేదు.

కొంతసేపటికి చేయి చాచి, మేము చూపిన నీటి చీట్లను గాక, నాణెములవానిని ముట్టినది. "ఇదెవులమ్మా, నానేనా?" అనినది. మేము బదులు చెప్పలేదు. వ్రేలు గిన్నెల యెనిమిదిమీదికి పోయినది. "ఈడు తిరిగి సూడ్డు గదా."

అప్పుడు చెప్పినది. బయలుదేరునాడు మగడు పదివేల రూపాయలడిగినాడు. పొదుపుసంఘమునుండి వచ్చిన సొమ్ము పెట్టెలో నున్నది. కూతురి చెవులకు కమ్మలు చేయింపవలెనని ఆమె తలంపు. లేదని చెప్పినది. ఉన్నదని అతనికి తెలియును. అతడు మాటాడక సంచి భుజాన వేసికొని పోయినాడు. "ఎలిపోనాడమ్మా, తిరిగి సూడ్నేదు" అని కొంగు నోటికడ్డము పెట్టుకొన్నది. పది దినములుగా తానే ఫోను చేయుచున్నది గాని, తండేలు ఇంటికి పోయి యొక్కమాట యడుగలేదు. పడవలోనివారికి పెద్దను తండేలందురు. పడవ యెక్కడ నున్నదో అతని యింట తెలియును. అడిగిన తగవు సంగతి పల్లెకంతకు బయటపడునని సిగ్గు.

సోదరీమణులు చిత్తగింపుడు: అవే అయిదు చీట్లు. మేము నీటిని కలిపి యొక ముగ్గు వేసితిమి. ఆమె నాణెములను, త్రిప్పిన వీపును కలిపి మఱియొక ముగ్గు వేసినది. ఆమె ముగ్గులో ఆమె బ్రదుకున్నది. మా ముగ్గులో, నిజము చెప్పవలెనన్న, 2018 నాటి వార్తాపత్రిక యున్నది. తీరమునుండి వచ్చిన స్త్రీని చూడగనే నీటిని వెదకితిమి, వెదకినది దొరకినది. తెగలను లెక్కించు పద్ధతి ప్రకారము కత్తుల ఆఱు కత్తులలో చేరవలసినది. మాకు పడవ కావలసియుండెను గనుక దానిని నీటిలో చేర్చితిమి. నాణెములవానిని లెక్కలోనుండియే త్రోసివేసితిమి. పడిన చీట్లలో వరుసకు అడ్డువచ్చినది అదొక్కటియే, ఆమెకు కావలసినదియు అదియే.

చీట్లు పెట్టెలో వేసి, ఆ సాయంకాలమే యామెను వెంటబెట్టుకొని ఆటోలో పల్లెకు పోయితిమి. తండేలు భార్య మమ్ము చూచి పీట వేసినది. తగవు ప్రస్తావనయే రాలేదు. పడవ లోతునకు పోయినదనియు, ఇరువది దినములకు గాని రేవు చేరదనియు, అక్కడ ఫోను అందదనియు చెప్పినది. "మీ ఆయన మావోడి ఫోనునుంచి సేసినాడు గదే, ఎత్తనేదంట" అని ఆమెనే మందలించినది. చూడగా నిజమే. పడవ యెక్కు ముందటి రాత్రి యెఱుగని నంబరునుండి రెండు మార్లు వచ్చియుండెను. అప్పులవారెవరోనని ఆమె యెత్తలేదు.

ఇల్లు చేరి మా వారితో జరిగినది చెప్పితిమి. వారు ఉన్నతపాఠశాలలో లెక్కలు చెప్పుదురు. కోపపడక కాగితము తీసిరి. అది కోపముకన్న కష్టము. "పది చీట్లు పఱచితివి, అందేడు చిన్నవి పడినవనుకో" అని మొదలుపెట్టిరి. ఆ యేడింట ఏ రెంటికిని ఒకే యంకె గాని ఒకే పదవి గాని లేకుండుట నాలుగు మార్లలో నొకమారు కూడ జరుగదట. ఏదో యొక తెగవి మూడైనను పడుట అయిదు మార్లలో నాలుగు మార్లకు పైబడియే. మేము నెలదినములు ఆశ్చర్యపడిన వరుసలన్నియు ఇట్టివే. గిన్నెలు మూడు పడినవని వింతపడుట ఆదివారము బడి లేదని వింతపడుట వంటిదని వారి యెత్తిపొడుపు. ఏడును ఒకే తెగవి పడుట మాత్రము అరుదు. సరాసరిని పదునాఱువేలకు పైగా పఱచిన నొకమారు. మేమట్టిదానిని చూడలేదు. ఇంకొకమాట గూడ వారు చెప్పిరి: ఏమి లెక్కింతువో ముందు చెప్పి పఱచిన లెక్క యొకటి, పఱచి చూచి దొరకినదానిని లెక్కించిన లెక్క వేఱొకటి. ముందు చెప్పకపోయిన, ఏ అయిదు చీట్లలోనైనను ఏదో యొక వరుస దొరకకపోదు.

ఒప్పుకొంటిమి. కాని మేమును ఒకటి యడిగితిమి. పది దినములు ఎవ్వరితోను చెప్పుకొనలేని మాట ఆమెచేత చెప్పించినదేది? నాణెములవాని బొమ్మ కాదా? దానికి వారి కాగితమున లెక్క రాలేదు. మా మట్టుకు మాకు తోచునది, బొమ్మ ఆమెను గూర్చి యేమియు చెప్పలేదు. ఆమె నోరు విప్పుటకు చోటిచ్చినది. ఆ చోటున మేము మా నీటిని పోసితిమి.

వీధివెంట వచ్చు ఎఱుకలసాని యీ విషయమున మాకన్న జాణ. ఆమె గవ్వలను చూచినట్లే యుండును గాని, ఆమె కన్ను మన మొగముమీద, మెడలోని పసుపుతాటిమీద, ముంగిట ఆడు పిల్లలమీద నుండును. వరుస నక్కడ కట్టును. పురాణమున శ్రీనివాసుడే ఎఱుకలసాని వేషమున ఆకాశరాజు నగరికి పోయి, పద్మావతి మనోవ్యాధిని ధరణీదేవికి విప్పి చెప్పినాడు. ఎఱుక తప్పలేదు. ఎట్లు తప్పును? వ్యాధికి కారకుడు తానే! తక్కిన ఎఱుక చెప్పువారి కంత సౌకర్యముండదు.

ఆ మఱుసటి ఏకాదశినాడు ఆలయమునకు పోయినప్పుడు తాబేళ్ళకడ చాలసేపు నిలుచుంటిమి. మా స్వామి సన్నిధిని పెరుగు నక్షత్రపు తాబేళ్ళను చూడనివారికై చెప్పుచున్నాము: వెన్నుచిప్పపై పదుమూడు పెద్ద పలకలుండును, ఒక్కొక్క పలక నడుమ పసుపు చుక్క, దానినుండి చుట్టును కిరణములవలె గీతలు. మనకది చుక్కల ముగ్గు. తాబేటికది ఎండుగడ్డిలో కనబడకుండుటకు ముసుగు. ఎవరికై గీచినదో వారు వేఱు, చదువుచున్న మనము వేఱు.

తాబేటిచిప్పను చూచి ప్రశ్న చెప్పుట లోకమున కలదు. మూడువేల యేండ్లకు పూర్వము చైనాదేశపు షాంగు రాజులు చచ్చిన తాబేటి పొట్టచిప్పకు వేడి తగిలించి, దానిపై పుట్టిన పగుళ్ళ వరుసను చదివించెడివారు. ఆ పద్ధతి మాకు నచ్చినది జోస్యముకొఱకు కాదు. వారు ప్రశ్నను చిప్పపైననే చెక్కెడివారు. పలుమార్లు జోస్యమును చెక్కెడివారు. కొన్నిట జరిగినదానిని గూడ చెక్కియుంచిరి. వూ డింగు అను రాజునకు ఫూ హావు అను రాణి కలదు. సేనలను నడపిన వీరవనిత. ఆమె సమాధి 1976లో అన్యాంగునొద్ద చెక్కుచెదరక బయటపడినది. ఆమె గర్భవతియై యుండగా కాన్పు శుభమగునా యని చిప్ప నడిగిరి. ఈ యీ దినములందైన శుభమని రాజు పగుళ్ళు చదివి చెప్పెను. ముప్పదియొక దినములకు, ఆ చెప్పిన దినములలో గాక మఱియొకనాడు, ఆమె ప్రసవించినది. శుభము కాలేదనియు, ఆడుబిడ్డ పుట్టినదనియు అదే చిప్పమీద చెక్కిరి. ఆడుబిడ్డ పుట్టుట అశుభమా యని సోదరీమణులకు వచ్చు కోపము మాకును వచ్చినది. మూడువేల యేండ్లనాటి ఆ మాట నేటికిని మన కాన్పుగదుల వాకిళ్ళలో వినబడుచునే యున్నది. ఐనను ఒక్కటి మెచ్చవలెను: రాజు చెప్పినది జరుగకున్నను వారు దానిని చెరపలేదు.

మేమును ఒక పుస్తకము పెట్టితిమి. చీట్లు పఱచుటకు ముందే, ఈమారు తెగలను లెక్కింతుమో, అంకెలను లెక్కింతుమో అందు వ్రాయుదుము. పడిన చీట్లన్నిటిని వ్రాయుదుము, వరుసకు అడ్డువచ్చిన చీటిని ముందుగా వ్రాయుదుము. వచ్చినవారు ఏ బొమ్మను ముట్టినారో, మేమేమంటిమో ఆ మాటలతోనే వ్రాయుదుము. ప్రక్కన జరిగినదానికి చోటు విడుతుము. దేహారోగ్యమునకు, ప్రాణమునకు సంబంధించిన ప్రశ్నకు చీట్లు తీయము. ఆసుపత్రికో, పోలీసుఠాణాకో, తండేలు ఇంటికో తోడు రమ్మన్న పోవుదుము. మొదటి పుటలో మాఘమాసపు అయిదు చీట్లును, మా "నీళ్ళు" మాటయు కలవు. ప్రక్కన మా వారి చేతివ్రాతతో ఒక సున్న యున్నది.

ఫాల్గుణమున పడవ రేవు చేరినది. ఆమె తట్ట దించి, నీళ్ళు త్రాగి, అతడు మాటాడినాడని చెప్పినది. పదివేలను గూర్చి యేమనుకొనిరో చెప్పలేదు, మేమడుగలేదు. బొమ్మలు చూడుమనలేదు. పడవ యజమానిది, తండేలుది, వెరావలులో నున్న తన పినతండ్రి కొడుకుది నంబర్లు అట్టమీద పెద్ద అంకెలతో వ్రాసిపెట్టుమన్నది. పిల్లల నోటుపుస్తకపు అట్ట చించి వ్రాసియిచ్చితిమి.

పుస్తకమున నేటికి పదునొకండు ప్రశ్నలున్నవి. నాలుగు ఒప్పు. అయిదు తప్పు. తక్కిన రెంటిని ఎటు వేయవలెనో తేలకున్నది. మేమన్న మాటను ఎన్నిసార్లు చదివినను, అది జరిగినదానికిని సరిపోవుచున్నది, జరుగకపోయినను సరిపోయియుండునట్లున్నది.